ఇంకొకరి హెల్మెట్

"హెల్మెట్ ఎక్కడ దాచావో చెప్పు. నవ్వులాటకి ఇది సమయం కాదు."

విక్రమ్ హాలు మధ్యలో నిలబడి అడిగాడు. అప్పటికే సోఫా దిండ్లన్నీ నేలమీదున్నాయి. అల్మారా తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి.

"నేను దాచలేదు," అంది వైదేహి. ఆఫీసుకి తయారై, సంచీ భుజానికి తగిలించుకుని గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"నువ్వు కాకపోతే ఇంకెవరు? మొన్న క్లబ్బు మేనేజర్ బాషా ఫోన్ చేసినప్పట్నుంచీ నీ మొహం చూస్తూనే ఉన్నాను."

"నా మొహంలో హెల్మెట్ కనపడిందా?"

"ఏడిపించకు వైదేహీ. అది నా తలకి కొలిచి, లోపల గాలి నింపి బిగించిన హెల్మెట్. ఇంకోటి తెచ్చి పెట్టుకుంటానంటే కుదరదు."

వంటింటి గుమ్మంలోకి కృష్ణవేణి వచ్చింది, చేతిలో అట్లకాడతో. "పొద్దున్నే మొదలెట్టారా? పక్కింటివాళ్ళు మలయాళీలైనంత మాత్రాన చెవులుండవా ఏమిటి?"

కొడుకు మళ్ళీ ఆడతాడని తెలిసిన రోజే టికెట్టు కొనిపించుకుని తెనాలి నుంచి షార్జాలో దిగిపోయిన తల్లి ఆవిడ. కోడలివైపు ఒక చూపు చూసింది. ఆ చూపులో కూడా అదే ప్రశ్న ఉంది.

వైదేహి సంచీ కింద పెట్టింది. ఉతికే బట్టలు మెషీన్లో వేసి పోదామని బాత్రూము పక్కకి వెళ్ళి, మెషీను తలుపు తీసింది.

లోపల పాత ఆకుపచ్చ జెర్సీ. జెర్సీలో చుట్టి హెల్మెట్. హెల్మెట్ లోపల కారు తాళాలు.

ఆ ఇంట్లో కారు నడిపేది విక్రమ్ ఒక్కడే. వైదేహికి లైసెన్సు లేదు. కృష్ణవేణికి కారెక్కితేనే వాంతులు.

ముగ్గురూ మెషీను ముందు నిలబడ్డారు. విక్రమ్ ముఖంలో ఓ క్షణం ఏ భావమూ లేదు. తర్వాత చెయ్యి పెట్టి తాళాలు తీసి జేబులో వేసుకున్నాడు.

"చూశావా? ఇక్కడ పెట్టావు," అన్నాడు.

 ఒప్పుకుంటే అబద్ధం, కాదంటే యుద్ధం. మౌనంగా ఉంటే నేరం తనమీదే ఉంటుంది, ఉండనీ అనుకుంది వైదేహి. పోయిన వారం అతను దుబాయ్ డేరాలో మూడేళ్ళ కిందట ఖాళీ చేసిన పాత ఫ్లాటు ముందు నిలబడి, తాళం పట్టడంలేదని తలుపు బాదుతుంటే, ఆ ఇంటి ఫిలిప్పీన్స్ అమ్మాయి భయపడి వాచ్‌మన్ని పిలిచింది. ఆ వాచ్‌మన్ ఫోన్ చేస్తేనే కదా తనకి తెలిసింది! ఇంటికొచ్చాక అతను చెప్పిందేమిటి? "పాత ఇల్లు చూడాలనిపించింది," అని.

"సాయంత్రం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. గుర్తుందా?" అంది.

"ఎందుకుండదు? నేనేమన్నా పిచ్చివాణ్ణా?"

"ఒప్పందం కూడా గుర్తుందా?"

"పరీక్షలో తప్పితే బంతి ముట్టుకోను. పాసైతే నువ్వు నోరెత్తవు. మాటంటే మాట."

"మాటంటే మాట," అంది వైదేహి. ఆ పరీక్షలో అతను తప్పాలని, కట్టుకున్న మొగుడు ఓడిపోవాలని, పొద్దున దేవుడికి దణ్ణం పెట్టుకుని మరీ బయల్దేరిన ఆడది బహుశా ఈ ఊళ్ళో తనొక్కతే అయి ఉంటుంది.

*

ఆటంటే మనకి తెలిసిన ఆట కాదు. కోడిగుడ్డులా రెండు కొసలూ సాగిన బంతి, ఇనుప ఊచల హెల్మెట్లు, ఒకళ్ళనొకళ్ళు పొట్టేళ్ళలా ఢీకొట్టుకునే మనుషులు. అమెరికావాళ్ళ ఫుట్‌బాల్. అందులో బంతి అందుకుని, ఎవరికి విసరాలో రెప్పపాటులో తేల్చి విసిరేవాణ్ణి క్వార్టర్‌బ్యాక్ అంటారు. ఎత్తులన్నీ అతని తలలో ఉండాలి. దెబ్బలన్నీ కూడా అతని తలకే.

విక్రమ్ మొదట బల్లెం విసిరేవాడు. గుంటూరు జిల్లాలో అతని విసురుకి ఎదురులేదు. హైదరాబాదులో కొత్తగా ఈ ఆటకి లీగ్ పెట్టినప్పుడు, సెలక్షన్లకొచ్చిన అమెరికా కోచ్ అతని భుజం తడిమి చూసి అక్కడికక్కడే సంతకం పెట్టించాడు. టీవీలో కనపడ్డాడు. జీతం తీసుకుని ఆడాడు. తెనాలి రోడ్డు మీద కుర్రాళ్ళు వెంటపడి ఫొటోలు దిగారు. పెళ్ళిచూపుల్లో వైదేహి తండ్రి, "అబ్బాయి ఏం చేస్తుంటాడు?" అని అడిగితే "క్వార్టర్‌బ్యాక్ అండీ" అన్నాడు. ఆయన అదేదో బ్యాంకు ఉద్యోగమనుకుని తలూపాడు.

రెండు సీజన్లకే లీగ్ మూతపడింది. అప్పుడే దుబాయ్ క్లబ్బు పిలిచింది. పేరుకి క్లబ్ యజమాని కంపెనీలో సేల్స్ ఉద్యోగం, అసలు పని శుక్రవారం సాయంత్రాలు బంతి విసరడం. వీసా ఆయనదే, మైదానం ఆయనదే. కప్పులు తెచ్చాడు, పేపర్లో పడ్డాడు. ఆఖరికి అల్ ఐన్‌లో ఒక మ్యాచిలో ఇద్దరు మీదపడ్డాక లేచి, దుమ్ము దులుపుకుని, నేరుగా అవతలి జట్టు గుంపులోకి వెళ్ళి నిలబడ్డాడు. వాళ్ళకే ఎత్తు చెప్పబోయాడు. మైదానమంతా నవ్వింది. గ్యాలరీలో కూర్చున్న వైదేహి మాత్రం లేచి నిలబడింది.

ఆ తర్వాత ఆట మానేశాడు. క్లబ్బు వీసా పోతే, వైదేహి ఉద్యోగం మీద ఇక్కడే ఉండిపోయారు. భుజం నొప్పి అని అందరికీ చెప్పుకున్నారు. రెండేళ్ళు సోఫాలో కూర్చుని పాత మ్యాచిలు చూశాడు. ఇప్పుడు కొత్త క్వార్టర్‌బ్యాక్ కాలు విరిగింది. శుక్రవారం ఫైనల్. మేనేజర్ హయాత్ బాషా ఫోన్ చేశాడు. విక్రమ్ సోఫాలోంచి లేచాడు.

*

డాక్టర్ కుబ్రా బేగం హైదరాబాదావిడ. క్లబ్బు ఆటగాళ్ళని చూసేది ఆవిడే. విక్రమ్‌ని కంప్యూటరు ముందు కూర్చోబెట్టి పరీక్ష పెట్టింది. తెరమీద మాటలు వచ్చి పోతాయి, ఎన్ని గుర్తున్నాయో చెప్పాలి. బొమ్మలు వస్తాయి, అవే వరసలో పెట్టాలి. సీజన్ మొదట్లో, తల బాగున్నప్పుడు, ఇదే పరీక్ష ఒకసారి పెడతారు. దెబ్బ తగిలాక మళ్ళీ పెట్టి, రెండూ పోల్చి చూస్తారు.

వైదేహి బయట కూర్చుని లోపలికి పిలిచేదాకా చేతులు నలుపుకుంటూనే ఉంది.

"చూడమ్మా, రెండు స్కోర్లు తక్కువనే. గాని పాత స్కోర్‌కి ఇప్పటి స్కోర్‌కి ఫరక్ ఏం లేదు," అంది డాక్టరు. "అప్పటికంటే జర్ర మంచిగనే ఉంది."

"మంచిగానా?"

"ఔ. రూల్ ప్రకారం ఆడొచ్చు. నేను సర్టిఫికెట్ ఇవ్వకుండ ఆపలేను."

వైదేహి కుర్చీ అంచు పట్టుకుంది. "డాక్టరుగారూ, ఈయన ఒక్కసారి విన్న ఫోన్ నంబరు మరిచిపోయేవారు కాదు. వందల ఎత్తులు నోటికొచ్చు. అప్పుడు స్కోరు అంత తక్కువెలా వచ్చింది?"

కుబ్రా బేగం కళ్ళద్దాలు తీసింది. "నాక్కూడ అదే సమజ్ కాలే. కొందరు స్క్రీన్ ముందట గాబరా పడతరు. అయినా కాయితం మీద ఉన్నదే నేను చూడాలె కదా."

తిరుగు దారిలో విక్రమ్ కూనిరాగం తీస్తూ కారు నడిపాడు. కరామాలో ఆపి మల్లెపూలు కొన్నాడు. ఎన్నాళ్ళకో అతని ముఖం వెలిగింది. ఆ వెలుగు చూసి సంతోషించలేని తన బతుకు మీద వైదేహికి రోత పుట్టింది. పూలు తలలో పెట్టుకుంది. కిటికీ అద్దంవైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

*

మర్నాడు సాయంత్రం ప్రమోద్ వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి. ఉమ్ అల్ క్వైన్‌లో క్లబ్ యజమాని అల్యూమినియం ఫ్యాక్టరీలో ఫోర్‌మన్. ఆటలో అతను సెంటర్. అంటే ముందు వంగి నిలబడి, కాళ్ళ సందులోంచి బంతిని వెనకున్న క్వార్టర్‌బ్యాక్ చేతికి అందించి, మీదకొచ్చేవాళ్ళకి గోడలా అడ్డుపడేవాడు. ఇన్నేళ్ళూ విక్రమ్ చేతికి బంతి ఇచ్చింది అతనే.

"వదినా, ఇగ రేపు చూడు!" అన్నాడు, వంటింటి గట్టుకి ఆనుకుని. "అన్న చెయ్యి లేసిందంటే బంతి ఆడ వడాల్సిందే!"

విక్రమ్ బాల్కనీలో దిండు నిలబెట్టి దానికేసి బంతి కొడుతున్నాడు. ధబ్ ధబ్‌మని చప్పుడు లోపలికి వినిపిస్తోంది.

"డాక్టరుగారు కూడా అన్నారు, అప్పటికన్నా ఇప్పుడే బాగుందని," అంది వైదేహి టీ గ్లాసు అందిస్తూ. అనకూడదనుకుంటూనే అంది. 

ప్రమోద్ పకపకా నవ్వాడు. "గదే కద వదినా కమాల్! అప్పుడు మేం సక్కగ రాస్తే కద!"

"అంటే?"

"సీజన్ మొదలు పెట్టే పరీక్ష గాదు? అందరం ఎరికుండే తప్పు రాసినం. పది మాటలు సూపిస్తే నాలుగే యాదికున్నయంటం. బొమ్మలు తారుమారు పెడ్తం. రేపు నిజంగ తలకు తాకినా పాసైపోతం. లేకుంటే బెంచి మీద కూసోవెడ్తరు. కూసున్నోనికి వీసా ఇచ్చిన ఓనర్, కఫీల్, మల్ల రెన్యూ చేస్తడా?"

వైదేహి టీ గిన్నె గట్టుమీద పెట్టింది. "ఈయన కూడానా?"

"అన్ననే కద అందరికి నేర్పింది! బస్సుల వోంగ ఒక్కొక్కని పక్కన కూసోని చెప్పిండు. హైదరాబాద్ లీగ్‌ల అమెరికాటోళ్ళ దగ్గర నేర్సుకచ్చిన ఇల్మ్ అది."

అప్పుడు ఆమె ముఖం చూశాడు ప్రమోద్. నవ్వు ఆగిపోయింది.

"ఏమైంది వదినా?"

ఏమైందో వైదేహి చెప్పింది. హెల్మెట్ సంగతి, డేరా తలుపు సంగతి, అన్నం తిని లేచిన కాసేపటికే "అన్నం పెట్టవా?" అని అడిగే సంగతి. చెబుతుంటే ప్రమోద్ తల అలా అలా కిందికి దిగిపోయింది.

"నాకు ఎరికనే లేదు," అన్నాడు. "ఫోన్ల మంచిగనే మాట్లాడ్తడు."

వైదేహి బాల్కనీ తలుపు తీసింది. "ఏవండీ, ఒకసారి లోపలికి రండి."

విక్రమ్ చెమట తుడుచుకుంటూ వచ్చాడు. కృష్ణవేణి కూడా గదిలోంచి వచ్చి గోడవారగా నిలబడింది.

"సీజన్ మొదట్లో పెట్టిన పరీక్ష మీరు కావాలని తప్పు రాశారా?"

"ఎవరన్నారు?"

"ప్రమోద్."

"వాడు రాసుంటాడు. వాడి చదువు నాకు తెలీదా?" విక్రమ్ నవ్వాడు.

"అన్నా, నువ్వే కద నేర్పింది," అన్నాడు ప్రమోద్ మెల్లగా. "బస్సుల. నా పక్కన కూసోని. 'పాస్ అవుడు గాదురా, ఫెయిల్ అవుడు నేర్సుకోండ్రి' అన్నవ్. అందరం నవ్వినం."

"నేనా? ఏ బస్సులో?"

"పరీక్షకు పొయ్యే బస్సుల."

"నేను సరిగ్గానే రాశాను. వచ్చినంత రాశాను." విక్రమ్ గొంతు లేచింది. "ఇంట్లో కూర్చోబెట్టడానికి ఇదొక నాటకమా? నన్ను దొంగని చేస్తారా ఇద్దరూ కలిసి?"

వైదేహి అతని ఎడమ చెయ్యివైపు చూసింది. పెళ్ళయిన కొత్తలోనే కనిపెట్టింది, అబద్ధమాడితే విక్రమ్ ఎడమ చెయ్యి తనంతట తానే వెళ్ళి కుడి భుజం రుద్దుతుంది. ఇప్పుడూ రుద్దుతుందని చూసింది. రుద్దాలని కోరుకుంది. అబద్ధమైతే ఎంత బాగుండు! కోప్పడొచ్చు, కాళ్ళు పట్టుకోవచ్చు, నిజం చెప్పించొచ్చు.

ఎడమ చెయ్యి కదల్లేదు. అతని కళ్ళు నిర్మలంగా ఉన్నాయి. తను చేసిన మోసం అతనికి నిజంగానే గుర్తులేదు.

విక్రమ్ బాల్కనీలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. ధబ్ ధబ్‌మని మళ్ళీ మొదలైంది.

వైదేహి అక్కడికక్కడే డాక్టరుకి ఫోన్ చేసి, స్పీకర్లో పెట్టి అంతా చెప్పింది. 

"సర్టిఫికెట్ క్లబ్‌కి పోయిందమ్మా," అంది కుబ్రా బేగం. "భార్య మాట మీద వాపస్ తీస్కుంటే వాళ్ళు ఊరుకోరు. ఆయన్నొచ్చి చెప్పుమను. లేకుంటే ఇంకో ప్లేయరన్నా వచ్చి చెప్పాలె. వెంటనే ఆపేస్త."

వైదేహి ఫోన్ దించి ప్రమోద్ వైపు చూసింది. అతను విన్నాడు. గ్లాసు గట్టుమీద పెట్టాడు.

"నా పేరు రానియ్యకు వదినా."

"ఒక్క మాట, ప్రమోద్. ఒక్క మాట చెబితే చాలు."

"ఒక్క మాటతోని టీమంత ఖలాస్ అయితది. అందరి పరీక్షలు తీస్తరు. ఫ్యాక్టరీ కఫీల్‌దే, రూము ఆయినదే, వీసా ఆయినదే. ఇంటికాడ పెండ్లాం, పిల్లలు..." అతని కళ్ళు నిండాయి. "రేపు నేనే ముందటుంట గద. నన్ను దాటి ఒక్కడు రాడు. నా పానం అడ్డం పెడ్త."

"అల్ ఐన్‌లో కూడా నువ్వే ముందున్నావు," అంది వైదేహి.

 ప్రమోద్ చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

కృష్ణవేణి అప్పుడు నోరు విప్పింది. "ఎందుకమ్మాయ్ అందర్నీ ఏడిపిస్తావు? రెండేళ్ళు వాడు శవంలా పడున్నాడు ఆ సోఫాలో. ఈ నాలుగు రోజులూ మనిషిలా తిరుగుతున్నాడు."

"ఇంకో దెబ్బ తగిలితే మిమ్మల్ని కూడా గుర్తుపట్టరు అత్తయ్యా."

"నీ నోట్లోంచి ఎంత మాటొచ్చింది!" ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "వాడు నా కొడుకు. నన్ను మరిచిపోవడమేమిటి?"



*

శుక్రవారం మధ్యాహ్నం విక్రమ్ స్నానానికి వెళ్ళాడు. కృష్ణవేణి దేవుడి గూటి ముందు కళ్ళు మూసుకుని కూర్చుంది.

వైదేహి అతని ఆట బ్యాగులోంచి హెల్మెట్ తీసింది. వంటింట్లో పెద్ద బియ్యం డ్రమ్ము సగానికి ఉంది. హెల్మెట్ అందులో అదిమి, పైన బియ్యం కప్పి, చేత్తో చదును చేసి మూత పెట్టింది.  అతను అకారణంగా మోపిన నేరం ఇప్పుడు నిజంగా చేసింది.

"వైదేహీ! హెల్మెట్ ఎక్కడ?"

జెర్సీ వేసుకుని, తల తుడుచుకుంటూ వచ్చాడు. బ్యాగు తిరగేశాడు.

"నేను తియ్యలేదు."

"పొద్దున ఇందులోనే పెట్టాను."

వైదేహి గోడవైపు చూస్తూ అంది. "మీరే ఎక్కడో పెట్టుంటారు. మొన్నటిలా. గుర్తులేదేమో."

అరుస్తాడనుకుంది. బ్యాగు విసిరికొడతాడనుకుంది. విక్రమ్ గబగబా వెళ్ళి వాషింగ్ మెషీను తెరిచి చూశాడు. మూశాడు. ఫ్రిజ్ తెరిచి చూశాడు. మంచం కింద వంగి చూశాడు. తిరిగొచ్చి సోఫా అంచున కూర్చున్నాడు. అంత పెద్ద మనిషీ చిన్నగా అయిపోయాడు.

"మొన్న కూడా నేనే పెట్టానా?"

వైదేహి తిరగేసి ఉన్న బ్యాగు సరిచేసింది.

"ఇప్పుడు కూడా నేనేనా? నిజం చెప్పు. నువ్వు అబద్ధం చెప్పవు."

"మీరే," అంది వైదేహి.

ఆ మాటతో అతని ముఖంలో ఏదో ఆరిపోయింది. పరిగెత్తుకెళ్ళి బియ్యంలోంచి తీసి ఒళ్ళో పెట్టాలనిపించింది. కానీ ఇదే మంచిది, భయపడితే ఆగిపోతాడు అని పళ్ళబిగువున నిలబడింది.

"నాకేమవుతోంది వైదేహీ?"

"డాక్టరు దగ్గరికి వెళ్దాం. ఇప్పుడే వెళ్దాం. ఆట వద్దండీ."

అతను చాలాసేపు ఆమె ముఖంలోకి చూశాడు. వింటున్నాడనే అనుకుంది. అప్పుడు లేచి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఎవరికీ చెప్పకు. బాషాకి తెలిస్తే ఆడనివ్వడు. ఇదొక్కటే నా ఆఖరి ఆట. తర్వాత నువ్వు ఎక్కడికి తీసుకెళ్తే అక్కడికి వస్తా."

ఆమె చేతులు వదిలి ఫోన్ తీసి స్పీకర్లో పెట్టాడు. "బాషా భాయ్, నా హెల్మెట్ పట్టీ తెగిపోయింది."

చెబుతూ చెబుతూ ఎడమ చేత్తో కుడి భుజం రుద్దుకున్నాడు.

"ఏం కాదులేప్పా," అంది హయాత్ బాషా కడప గొంతు. "పాత కిట్టులో ఒకటుండాది. నీ తలకి రవ్వంత లూజు. పట్టీ గట్టిగా బిగిస్తాంలే. ప్రమోద్ కారేసుకొని మీ ఇంటికి బయల్దేరినాడు. యల్లా, బిన్నా రా!"

విక్రమ్ తల్లి కాళ్ళకి దణ్ణం పెట్టాడు. బ్యాగు భుజాన వేసుకున్నాడు. వైదేహి దారికి అడ్డం నిలబడింది.

"లూజు హెల్మెట్‌తో ఎలా ఆడతారు?"

"నాది కనపడ్డంలేదుగా మరి," అన్నాడు, తప్పు చేసిన పిల్లాడిలా. ఆమెని పక్కకి తప్పించి వెళ్ళిపోయాడు.

లిఫ్టు తలుపులు మూసుకున్నాయి. వైదేహి వంటింట్లోకి పరుగెత్తి డ్రమ్ము మూత లాగి, మోచేతిదాకా చెయ్యి దింపింది. వేళ్ళకి చల్లగా ఇనుప ఊచలు తగిలాయి.

తీసి చేతికిస్తే, వెళ్ళి ఆడమని తనే పంపినట్టు. ఇవ్వకపోతే, ఆ తల పగలడానికి తనే దారి చేసినట్టు.

వెనక నుంచి కృష్ణవేణి అడిగింది. "అందులో ఏం దాచావమ్మాయ్?"

కింద ప్రమోద్ కారు హారన్ మోగింది. వైదేహి చెయ్యి ఇంకా బియ్యంలోనే ఉంది.